సిన్సినాటీలో సబ్‌వే సొరంగాలు ఉన్నా రైళ్లు ఎందుకు నడవలేదు?

ఒక్క ముక్కలో చెప్పాలంటే, పని పూర్తి కాకముందే డబ్బు అయిపోయింది.

ఒహాయో రాష్ట్రంలోని ఈ నగరంలో మయామీ-ఈరీ కాలువ ఉండేది. రైళ్లు వచ్చాక పడవలు తగ్గి, అది మురికికూపంగా మారింది. దాని గర్భంలోనే సొరంగం కట్టి, పైన రోడ్డు వేయాలనుకున్నారు. నిజానికి చాలా తెలివైన ఆలోచన. 1916లో 60 లక్షల డాలర్ల బాండ్లకు ఓటర్లు భారీ మెజారిటీతో సమ్మతించారు. మరుసటి ఏడాదే అమెరికా ప్రపంచ యుద్ధంలోకి దిగడంతో అంతా వాయిదా పడింది. 1920లో తవ్వకం మొదలయ్యేసరికి ధరలు మండిపోతున్నాయి. ప్రణాళికను ఎంత కుదించినా ఆ నిధులు చాలలేదు. రెండు మైళ్లకు పైగా సొరంగం, కొన్ని స్టేషన్లు తయారయ్యాయి కానీ పట్టాలే పడలేదు. పైన సెంట్రల్ పార్క్‌వే మాత్రం 1928లో దర్జాగా ప్రారంభమైంది.

యుద్ధాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టలేం. కార్ల మోజు పెరిగింది, ఆర్థిక మాంద్యం వచ్చింది, మళ్లీ డబ్బు పెట్టే రాజకీయ సంకల్పం కరువైంది. ఒక్క ప్రయాణికుడూ ఎక్కని ఆ సబ్‌వే అప్పు 1966లో గానీ తీరలేదు! 1950లలో సొరంగంలో పెద్ద నీటి పైపు వేశారు. 1951లో పాత ట్రాములూ ఆగిపోయాయి. 2016లో కొత్త ట్రాము వచ్చింది, అదీ వీధుల మీదే.