మనవరాలి పేరు వింటే భయమేస్తోంది

ప్రశ్న: మా అబ్బాయి డబ్లిన్‌లో అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. పాప పుట్టింది. ‘ఈఫా’ అని పేరు పెట్టేశాక మాకు ఫోన్ చేసి చెప్పారు. అర్థం కోసం నెట్‌లో వెతికిస్తే, పిల్లల్ని శపించిన సవతి తల్లి పేరట! మార్చమన్నందుకు అబ్బాయి మాట్లాడటమే తగ్గించేశాడు.
- ఒక నానమ్మ, తెనాలి

జవాబు: మీరు విన్న కథ ఉన్నదే అమ్మా. ఐర్లాండ్ పురాణగాథల్లో లిర్ అనే రాజు భార్య చనిపోతే ఆమె చెల్లెలు ఈఫాను చేసుకుంటాడు. అంటే పిల్లలకు సొంత పిన్నే. తండ్రి వాళ్లను ముద్దుచేయడం ఓర్వలేక నలుగురినీ హంసలుగా మార్చేస్తుంది. 900 ఏళ్లు చలికి వణుకుతూ నీళ్ల మీదే బతికారు పాపం. ఇది విన్న ఏ నానమ్మకైనా గుండె గుభేలుమంటుంది.

కానీ ఆ పేరు ఆవిడ ఒక్కదానిదే కాదు. వీరగాథల్లో మరో ఈఫా ఉంది, రథమెక్కి యుద్ధం చేసిన యోధురాలు. చరిత్రలోనూ ఒక ఈఫా ఉంది. ఐర్లాండ్‌లోని లెన్‌స్టర్ ప్రాంతపు రాజు కూతురు. 1170లో వాటర్‌ఫర్డ్‌లో నార్మన్ సేనాని స్ట్రాంగ్‌బోతో జరిగిన ఆమె పెళ్లి ఆ దేశ చరిత్రనే మలుపు తిప్పింది. డబ్లిన్ నేషనల్ గ్యాలరీలో ఆ పెళ్లి చిత్రం గోడంత ఉంటుంది, వెళ్లినప్పుడు తప్పక చూడండి. పేరుకు మూలం అందం, ముఖంలో కళ అనే అర్థమున్న గేలిక్ (ఐర్లాండ్ వాళ్ల సొంత భాష) మాట అంటారు. అక్కడ ఆడపిల్లలకు ఎంతో ఇష్టంగా పెట్టుకునే పేరు. మీ కోడలు చెడు కోరి పెట్టలేదు.

అసలు మీ మనసు కష్టపడింది ‘పెట్టేశాక చెప్పారు’ అన్నచోట అనిపిస్తోంది. అది న్యాయమైన బాధే. అబ్బాయికి ఆ మాటే చెప్పండి. పేరు మార్చమన్నది వదిలేశానని ముందుగా చెబితే, మిగతాది వింటాడు.

కోడలికి వీడియో కాల్ చేసి, పేరు ఎలా పలకాలో నేర్పమనండి. ఏ, ఓ, ఐ, ఎఫ్, ఈ అని రాసి ‘ఈఫా’ అంటారు కాబట్టి ఎవరికైనా తికమకే. హంసల కథ కూడా ఆమె నోటే విన్నారంటే భయం సగం పోతుంది.

ఇండియాకు వచ్చినప్పుడు బారసాల చేస్తామని అడగండి. బియ్యంలో ఉంగరంతో రాసే పేరు మీరే పెట్టండి. అయితే మీరూ మీ ఆయనా ముందే మాట్లాడుకుని ఒక్క పేరే చెప్పండి, పది పేర్ల జాబితా పంపకండి.