కరెంటు వచ్చాక ఇమ్మిచ్ ఖాళీగా కనిపిస్తే డిస్కు సంగతి చూడండి

మీరు భీమవరంలో సెకండ్ హ్యాండ్ చిన్న పీసీ మీద డాకర్‌తో (ప్రోగ్రాములను కంటైనర్లనే విడివిడి డబ్బాల్లో నడిపే సాధనం) ఇమ్మిచ్ (ఫోటోలను సొంత కంప్యూటర్లోనే దాచుకునే సాఫ్ట్‌వేర్) నడుపుతున్నారు. కరెంటు పోయి వచ్చాక అది కొత్త ఖాతా తెరవమంటోంది, ఫోటోలు పోయాయా అని అడిగారు. దాదాపుగా పోయి ఉండవు. తొందరపడి కొత్త ఖాతా మాత్రం తెరవకండి.

మాది అమలాపురం దగ్గర పల్లె. ఇక్కడ ఈ తంతు నేనూ చూశాను. కరెంటు రాగానే పీసీ లేస్తుంది, డాకర్ లేస్తుంది, యూఎస్‌బీ హార్డ్‌డిస్కు మాత్రం ఇంకా మౌంట్ కాదు, అంటే దానిలోని ఫోల్డర్లు సిస్టమ్‌కు ఇంకా అందవు. మీరు చూపిన ఫోల్డరు దొరక్కపోతే డాకర్ ఆగదు. అదే పేరుతో ఖాళీ ఫోల్డరు సృష్టిస్తుంది, ఇమ్మిచ్ వాడే డేటాబేసు ప్రోగ్రాము పోస్ట్‌గ్రెస్ అందులో కొత్త డేటాబేసు తయారు చేసుకుంటుంది. ఆ తర్వాత డిస్కు మౌంట్ అయినా, నడుస్తున్న కంటైనర్ ఆ ఖాళీ ఫోల్డరునే పట్టుకొని ఉంటుంది. మీ అసలు డేటా డిస్కులో అలాగే ఉంటుంది.

ముందు కంటైనర్లన్నీ ఆపండి. డిస్కు మౌంట్ అయిందో లేదో ఫైండ్‌మౌంట్ (findmnt) ఆదేశంతో చూసి, అప్పుడు మళ్లీ లేపండి. ఇక ముందు ఇలా జరగకుండా ఉండాలంటే, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైలు, /etc/fstab) డిస్కును యూయూఐడీతో (దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్య) రాసి, సర్వీసులను లేపే సిస్టమ్‌డీలో డాకర్ సర్వీసుకు 'రిక్వయర్స్‌మౌంట్స్‌ఫర్' (RequiresMountsFor) అనే వరుసలో ఆ మౌంట్ దారి ఇవ్వండి. డిస్కు సిద్ధం కాకపోతే డాకర్ లేవదు. అలా లేవకపోవడమే మనకు కావాలి.

డేటాబేసును లోపలి ఎస్‌ఎస్‌డీ మీదకు మార్చి, ఫోటోలను మాత్రం బయటి డిస్కులో ఉంచితే ఇంకా మంచిది. ఇమ్మిచ్ కొత్త వెర్షన్లయితే తమ ఫోల్డర్లలో దాచుకున్న గుర్తు ఫైళ్లు కనిపించకపోతే వాటంతట అవే లేవకుండా మొరాయిస్తాయి. అది చూసి భయపడకండి.

ఇంట్లో ఇన్వర్టరు ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో మారే ఆ క్షణంలోనే చాలా పీసీలు రీబూట్ అవుతాయి. డిస్కుకు విడిగా అడాప్టరు ఉంటే దాన్నీ అదే లైనుకు కలపండి.

డాకర్ కంపోజ్ ఫైలులో పోస్ట్‌గ్రెస్ ఇమేజికి (కంటైనర్ తయారయ్యే మూసకు) 'లేటెస్ట్' అని రాయకండి, వెర్షన్ నంబరు రాయండి. పెద్ద వెర్షన్ మారితే పాత డేటా ఫోల్డరును కొత్తది తెరవదు.

రోజూ రాత్రి పీజీ-డంప్ (pg_dump, డేటాబేసు కాపీ తీసే ఆదేశం) తీయించి, ఫోటోలతో సహా రెండో కాపీని వేరే ఊళ్లో ఉంచండి. 1996 నవంబరు తుపాను కోనసీమ ఇళ్లను ఏం చేసిందో మనవాళ్లకు తెలుసు. అందుకే మా రెండో డిస్కు హైదరాబాదులో తమ్ముడి ఇంట్లో ఉంటుంది.