'అహ నా పెళ్ళంట'లో కోట సరిపోలేదా?

మీరు అడిగింది ఇదీ: "'అహ నా పెళ్ళంట'లో పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు మరీ కరుకుగా అనిపించారు. ఆ వేషానికి అచ్చమైన హాస్యనటుడు ఎవరైనా ఉంటే ఇంకా నవ్వొచ్చేది కదా?"

నన్నడిగితే రాదు. ఆ కరుకుతనం తీసేస్తే లక్ష్మీపతిలో మిగిలేది పాత పంచె, పగిలిన కళ్ళద్దాలే.

అయితే మీ అనుమానం ఇవాళ్టిది కాదు. 1987లో ఆ సినిమా తీసేటప్పుడే నిర్మాత రామానాయుడు గారు ఆ వేషానికి రావు గోపాలరావుని అనుకున్నారు. కోటే కావాలని పట్టుబట్టింది దర్శకుడు జంధ్యాల. నిర్మాత సందేహించడంలో తప్పేం లేదు. అంతకు రెండేళ్ళ ముందే 'ప్రతిఘటన'లో తెలంగాణ యాసతో రాజకీయ నాయకుడిగా కోట జనానికి బాగా గుర్తుండిపోయారు. ఆ మనిషిని తీసుకొచ్చి సినిమా పొడుగునా నవ్వించమంటే ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

నేను కొన్నాళ్ళు నాటకాలు వేశాను. పెద్ద పేరున్న సమాజమేం కాదు, ఆఫీసులయ్యాక రిహార్సల్సు చేసుకునే బాపతు. అందులో ఒక పిసినారి ఇంటికి చుట్టంగా వెళ్ళే వేషం నాది. నేను బీడీ వెలిగించుకుంటాను, ఆయన ఆ అగ్గిపుల్లని గబుక్కున లాక్కుని, వేళ్ళు కాలేలోపు దానితోనే దీపం వెలిగించుకోవాలి. పిసినారి వేషం మొదట వేసినాయన మా అందరిలోకీ సరదా మనిషి, స్టేజి మీదికి రాగానే ఈలలు పడేవి. పుల్ల లాక్కుని, 'చూశారా నా తెలివి' అన్నట్టు ఓరకంట జనం వైపు చూసేవాడు. జనం నవ్వేవారు, అక్కడికి అయిపోయేది. తర్వాత సీను మళ్ళీ మొదటినుంచి లాక్కురావాల్సి వచ్చేది. ఆయనకి బదిలీ అయ్యాక ఎప్పుడూ మునసబు వేషాలు వేసే ఇంకొకాయనకి ఆ వేషం ఇచ్చారు. ఆయనకి జోకు వెయ్యడమే రాదు. పుల్ల లాక్కున్నాక మంట తప్ప ఇంకేం చూసేవాడు కాదు, వేలికి సెగ తగిలినా వదిలేవాడు కాదు. ఎదురుగా నుంచున్న నాకే కొంచెం భయమేసేది. నవ్వు ముందు సన్నగా మొదలై, దీపం అంటుకునేసరికి హాలంతా పాకేది. ఆ నవ్వు తర్వాతి సీనుకి కూడా పనికొచ్చేది.

కోడి సీను ఇంకోసారి చూడండి. బతికున్న కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్తన్నం తినే సీను. చెప్పుకుంటే అది బొత్తిగా నమ్మేలా లేని కార్టూను. అక్కడ కోట మనల్ని ఒక్కసారి కూడా నవ్వమని అడగరు. చూపు కోడి మీద, చెయ్యి అన్నంలో. కోడికూరతోనే భోంచేస్తున్నానన్న తృప్తి ఆ మొహంలో నిజంగానే ఉంటుంది. మూతి వంకర్లు తిప్పే నటుడు చేసుంటే అది ఒక చిన్న బిట్టుగా పోయేది.

రావు గోపాలరావు అయితే ఎలా ఉండేది? ఆయన మహానటుడు, అందులో వాదన లేదు. 'ముత్యాల ముగ్గు'లో కాంట్రాక్టరు గుర్తున్నాడుగా, మాటని చప్పరిస్తూ, సాగదీస్తూ, ప్రతి ముక్కనీ అనుభవిస్తూ మాట్లాడతాడు. ఆ మాటతీరులోనే ఒక జమీందారీ దర్జా ఉంది. లక్ష్మీపతికి అదే పనికిరాదు. మాట కూడా ఖర్చయిపోతుందేమో అన్నట్టు మాట్లాడాల్సిన మనిషి వాడు. లక్ష్మీపతి మాటిమాటికీ అనే ఆ 'నాకేంటి'ని కోట ఎంత పొట్టిగా తుంచేస్తారో వినండి. నాటకాల్లోంచి వచ్చినవాళ్ళకి సాధారణంగా డైలాగు సాగదీసే అలవాటు ఉంటుంది. కోటా నాటకాలవాడే, బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ స్టేజి ఎక్కిన మనిషి. అయినా ఇక్కడ ఆ అలవాటు కనపడనివ్వలేదు.

ఇంకో సంగతి. ఇందులో లక్ష్మీపతి పనివాడిగా బ్రహ్మానందం వేసిన అరగుండు వేషం గురించి అందరూ చెప్పుకుంటారు. ఆ వేషంతోనే ఆయన దశ తిరిగింది. కానీ అరగుండు తిట్లు పండటానికి సగం కారణం అవతల నుంచున్న యజమాని. ఆ యజమాని అంటే నిజంగా భయముంటేనే లోపల్లోపల తిట్టుకోవడంలో మజా. లక్ష్మీపతి కూడా జోకర్ అయితే మొహం మీదే తిట్టెయ్యొచ్చు, ఇక కామెడీ ఏముంది? రాజేంద్రప్రసాద్ అంతకంటే పెద్ద పిసినారిలా నటించి మామని బుట్టలో వేసుకునే కథకీ ఇదే లెక్క. తేలిగ్గా పడిపోయే మామైతే ఆ తిప్పలన్నీ దండగ.

మీ మాటలో నిజమున్న చోటు ఒకటుంది. కూతురు రజనితో ఉన్న సీన్లలో నాకూ కోట కాస్త బరువుగానే అనిపిస్తారు. డబ్బు తప్ప ఏమీ పట్టని తండ్రి ఎదురుగా పెళ్ళీడు పిల్ల నుంచుంటే నవ్వు కంటే ముందు ఆ పిల్లమీద జాలి వస్తుంది. జంధ్యాల అక్కడ ఎక్కువసేపు ఆగకుండా కథని మళ్ళీ అల్లుడి వైపు తిప్పేస్తారు కాబట్టి సరిపోయింది. బహుశా మీకు కరుకుగా తగిలింది ఆ సీన్లలోనేమో, ఎక్కడనిపించిందో చెబితే ఇంకా మాట్లాడుకోవచ్చు.