బడి దారి గీసే ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. పిల్లలు నడిచి, సైకిళ్ల మీద బడికి క్షేమంగా వచ్చేందుకు దారులు ఖరారు చేసే పని నీ మీద పడిందని, పటం ముందేసుకుని కూర్చున్నానని రాశావు. ఆ పటం ఇప్పటికి మడిచి పక్కన పెట్టు. అందులో రోడ్డు వెడల్పు ఉంటుంది గానీ మలుపులో రోజూ ఆగి ఉండే వ్యాను ఉండదు. పొద్దున గంట కొట్టడానికి ముందు ఒక పిల్లవాడి ఇంటికి వెళ్లి, అక్కడి నుంచి బడి దాకా వాడితో పాటు నడిచి చూడు. సాయంత్రం బడి వదిలే వేళ మళ్లీ నడువు. సెలవు రోజున చూసిన రోడ్డును నమ్ముకుని దారి గీయవద్దు. బండ్లు లేనప్పుడు ఏ రోడ్డయినా బుద్ధిగానే కనిపిస్తుంది.

నడిచేటప్పుడు వాడిని ముందు పెట్టి, నువ్వు వెనక ఉండు. ఎక్కడ ఆగుతున్నాడో, ఎక్కడ పరుగు తీస్తున్నాడో, ఎక్కడ కాలిబాట వదిలి రోడ్డు మీదికి దిగుతున్నాడో గమనించు. దిగిన ప్రతిచోటా ఒక కారణం ఉంటుంది: విరిగిన పలక, మూత లేని కాలువ, అడ్డంగా పెట్టిన మోటారు సైకిల్. కాలిబాటే లేని చోట, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించే వైపున నడిపించాలి. ఏ సందులో కుక్కలు వెంటపడతాయో, ఏ గేటులోంచి లారీ వెనక్కి వస్తుందో నీకంటే వాడికే బాగా తెలుసు. అడిగితే చెబుతాడు. మనకే అడిగే అలవాటు లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. దారి పొడుగు గురించి బెంగపడకు. రోడ్డు ఎన్నిసార్లు దాటాలి, దాటే చోట బండ్లు ఎంత వేగంతో వస్తాయి అన్న రెండూ తేలితే దారి సగం తేలినట్టే. ఐదు నిమిషాలు ఎక్కువ పట్టినా ఒక్కసారే దాటే దారి దొరికితే దాన్నే ఎంచుకో.

నేను ఊరికే అనడం లేదు, లెక్క వేసి చూడు. చిన్నపిల్ల సెకనుకు మీటరు చొప్పున నడుస్తుందనుకుందాం. ఏడు మీటర్ల రోడ్డు దాటడానికి ఏడు సెకన్లు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ ఏడు సెకన్లలో దాదాపు వంద మీటర్లు వచ్చేస్తుంది. అంటే ఆ పిల్ల అడుగు వేసేటప్పుడు రెండు వైపులా వంద మీటర్ల రోడ్డు కళ్లకు కనబడాలి. మలుపు దగ్గర, ఎత్తుపల్లాల దగ్గర అది కుదరదు. అదే కారు 30లో వస్తే అరవై మీటర్లు చాలు. డ్రైవరు చూసి, తేరుకుని, బ్రేకు వేసి బండి ఆపడానికి 50 వేగంలో పొడి రోడ్డు మీద కూడా పాతిక మీటర్ల పైమాటే. 30లో పదమూడు పద్నాలుగు మీటర్లలో ఆగుతుంది. తడి రోడ్డు అయితే రెండూ పెరుగుతాయి. 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన రహదారి భద్రత మంత్రుల సదస్సు కూడా, మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 ఉండాలని ప్రకటించింది. అధికారులకు అర్జీ పెట్టేటప్పుడు ఈ మాట రాయి, పనికొస్తుంది.

పిల్లలకు నేర్పితే సరిపోదా అని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నేర్పాలి, కానీ దాని మీదే భారం వేయకూడదు. బండి ఎంత దూరంలో ఉందో పిల్లలు చూడగలరు. ఎంత వేగంగా వస్తోందో అంచనా వేయడం మాత్రం చిన్న వయసులో వాళ్ల వల్ల కాదు. నిలిపి ఉన్న రెండు కార్ల మధ్య ఒకసారి గొంతుక్కూర్చుని రోడ్డు వైపు చూడు. నిలబడితే నీకు కారు పైకప్పు మీదుగా అంతా కనిపిస్తుంది. కూర్చుంటే కనిపించేది ఒక తలుపు, ఒక చక్రం. చూడటం కోసమని పిల్ల రెండడుగులు ముందుకు వేస్తుంది, రెండో అడుగు రోడ్డు మీదే పడుతుంది. డ్రైవరుకూ ఆ పిల్ల అప్పుడే మొదటిసారి కనిపిస్తుంది. కాబట్టి దాటే చోటుకు అటూ ఇటూ పది మీటర్ల మేర బండ్లు నిలపకుండా చేయించు. చేయించలేకపోతే దాటే చోటునే మార్చు.

డెన్మార్క్‌లోని ఓడెన్స్ నగరం 1970ల్లో బడి దారులను బాగుచేసినప్పుడు రోడ్లను అక్కడక్కడ ఇరుకు చేశారు, మధ్యలో ఆగేందుకు దిమ్మెలు కట్టారు. దిమ్మె ఉంటే పిల్ల ఒకేసారి ఒక వైపే చూసుకోవాలి. పెద్ద రోడ్డు దాటక తప్పకపోతే ముందు దాని కోసమే పట్టుబట్టు. అది వచ్చేదాకా దాటించడానికి ఒక మనిషిని నిలబెట్టు.

బడి గేటు సంగతి వేరే. అక్కడ ప్రమాదం తెచ్చేది సాక్షాత్తూ తల్లిదండ్రులే. వాళ్లకేమో పిల్లను గేటు ముందే దించాలి, దించగానే బండి వెనక్కి తిప్పాలి! మిగతా పిల్లలు ఆ బండ్ల మధ్య నుంచే దారి వెతుక్కోవాలి. దింపే చోటును రెండు మూడు వందల మీటర్ల దూరానికి జరుపు. గొడవ చేస్తారు, చేయనీ. ఇటలీలోని బొల్జానోలో 1989లోనే బడి వేళల్లో గేటు ముందు వీధికి బండ్లు రాకుండా మూసేయడం మొదలుపెట్టారు.

మరీ చిన్నవాళ్లను గుంపుగా నడిపించు. బస్సుకు ఉన్నట్టే దారి పొడుగునా ఆగే చోట్లూ వేళలూ ఖాయం చేసి, ముందొక పెద్ద, వెనకొక పెద్ద ఉంటే చాలావరకు కుదురుతుంది.

సైకిళ్లకు వేరే పటం గీయి. నడిచేవాళ్లకు మంచిదైన దారి సైకిలుకు మంచిది కానక్కర్లేదు. పదేళ్ల లోపు పిల్లలను బండ్ల మధ్యకు ఒంటరిగా పంపవద్దు. పదేళ్లు దాటిన పిల్లలకైనా బడి మైదానంలో సుద్దతో గీత గీసి పరీక్ష పెట్టు: గీత తప్పకుండా తొక్కుతూ వెనక్కి తిరిగి చూడగలగాలి, ఒక చెయ్యి చాపి సైగ చేయగలగాలి, చెప్పిన చోట ఆపగలగాలి. వెనక్కి చూడగానే హ్యాండిల్ పక్కకు లాగేసేవాళ్లు ఇంకొన్నాళ్లు మైదానంలోనే తొక్కాలి. నిలిపి ఉన్న కార్లకు మీటరు దూరం జరిగి తొక్కమను, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. మలుపు తిరిగే లారీ పక్కకు ఎట్టి పరిస్థితుల్లోనూ చేరవద్దని చెప్పు, అక్కడున్న సైకిలు డ్రైవరు అద్దంలో కనిపించకపోవచ్చు. హెల్మెట్ కనుబొమల పైన రెండు వేళ్ల ఎత్తులో కూర్చోవాలి. ఎదుగుతాడు కదా అని రెండు సైజులు పెద్ద సైకిల్ కొనిచ్చే తల్లిదండ్రులను నువ్వే పిలిచి మాట్లాడు. నేల మీద కాలు ఆనని సైకిల్ ఆపడం ఎలాగో వాళ్లే తొక్కి చూపించాలి.

వానలు పడ్డాక, పొద్దు త్వరగా గూకే నెలల్లో, దారిలో కొత్త కట్టడం ఏదైనా మొదలైనప్పుడు ఇదంతా మళ్లీ నడిచి చూడక తప్పదు. అందుకే మొదటి పటం పెన్సిల్‌తో గీయి. దాటే చోట్లకు మాత్రం ఎర్ర గుర్తు పెట్టి, నాకొక నకలు పంపు. ఏ దారిలోనైనా మూడు కంటే ఎక్కువ ఎర్ర గుర్తులు కనిపిస్తే తిప్పి పంపిస్తాను.

ఇట్లు,
నీ మాస్టారు