సిమ్యులేషన్ బాగా వస్తే రిఫైనరీ కన్సల్టెంటుగా నిలదొక్కుకోవచ్చా?

రిఫైనరీలో కొన్నేళ్లుగా ప్రాసెస్ ఇంజనీరుగా ఉన్నారు, ప్లాంటు ఎలా నడుస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ మీద గట్టి పట్టుంది, ఉద్యోగం వదిలి సొంతంగా కన్సల్టెన్సీ పెట్టుకోవచ్చా అని అడిగారు. చమురు శుద్ధిలోనూ గ్యాస్ ప్రాసెసింగ్‌లోనూ చాలాకాలంగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. సిమ్యులేషన్ రావలసిందే, కానీ దాన్ని చూసి ఎవరూ డబ్బివ్వరు. ఆ సాఫ్ట్‌వేర్ ప్లాంటు వాళ్ల దగ్గరా ఉంది, మనకంటే చురుగ్గా నడిపే కుర్రవాళ్లూ వాళ్ల దగ్గరున్నారు. తెర మీద కనబడే అంకెల్లో దేన్ని నమ్మాలో తేల్చుకోలేక లోపలివాళ్లు రెండు వర్గాలుగా చీలినప్పుడే బయటివాడికి పిలుపు వస్తుంది.

ఒక గ్యాస్ ప్లాంటులో అమీన్ యూనిట్ సంగతి చెబుతాను. గ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను అమీన్ ద్రావణంతో కడిగి తీసే చోటు అది. అక్కడ రాత్రిళ్లు అబ్జార్బర్‌లో, అంటే గ్యాస్‌ను అమీన్‌తో కడిగే టవర్‌లో, నురుగు లేచేది. టవర్‌లో పీడన వ్యత్యాసం ఉన్నట్టుండి ఎగబాకేది, అమీన్ గ్యాస్‌తోపాటు పైనుంచి కొట్టుకుపోయేది. టవర్ చిన్నదైపోయింది, పెద్దది కొనాలని ఉత్పత్తి విభాగం పట్టు. నురుగును అణిచే మందు మోతాదు పెంచాలని రసాయనాలు అమ్మేవారి సలహా. ఇద్దరి చేతుల్లోనూ సిమ్యులేషన్ నివేదికలున్నాయి, ఎవరి నివేదిక వారి వాదనకే వత్తాసు పలుకుతోంది.

ఆధారం దొరికింది రాత్రి షిఫ్టు ఆపరేటరు నోటి నుంచి. "తెల్లవారుజామున ఫ్లాష్ డ్రమ్ము అద్దంలో అమీన్ మీద నూనె తెట్టు కనబడుతుంది సార్, మధ్యాహ్నం ఉండదు" అన్నాడాయన. టవర్ నుంచి వచ్చిన అమీన్ పీడనం తగ్గించి, అందులో కరిగిన గ్యాస్‌ను విడదీసే పాత్ర అది. అమీన్‌లోకి నూనె ఎక్కడి నుంచి వస్తుంది? టవర్‌లోకి వెళ్లే అమీన్, లోపలికి వచ్చే గ్యాస్ కంటే కనీసం 5 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉండాలన్నది ఈ రంగంలో పాత నియమం. అమీన్ చల్లగా ఉంటే గ్యాస్‌లోని బరువైన హైడ్రోకార్బన్లు దాన్ని తాకగానే ద్రవంగా మారి అందులో కలుస్తాయి, నురుగుకు అదే మూలం. రెండు ఉష్ణోగ్రతలనూ గంటగంటకూ ఒకే గ్రాఫు మీద గీయించాను. పగలంతా అమీన్ గీత పైన ఉంది, అర్ధరాత్రి దాటాక అది గ్యాస్ గీత కంటే కిందికి దిగిపోయింది. అమీన్‌ను ఫ్యాన్ల గాలితో చల్లార్చే ఎయిర్ కూలర్ కంట్రోలర్‌ను ఎవరో ఎప్పుడో మాన్యువల్‌లో పెట్టి మరిచిపోయారు. బయట చలి పెరిగినా ఫ్యాన్లు అదే జోరుతో తిరుగుతున్నాయి.

రాత్రి తీసిన నమూనాను, పగటి నమూనాను రెండు సీసాల్లో పోసి ఒకే తీరుగా ఊపి, నురుగు విరగడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి అందరి ముందూ చూపించాం. ఆ పరీక్షకు ప్రయోగశాల అక్కరలేదు. రాత్రి సీసాలో నురుగు చాలాసేపు నిలిచింది. కంట్రోలర్‌ను ఆటోలోకి తెచ్చి, గ్యాస్ ఉష్ణోగ్రతను బట్టి అమీన్ ఉష్ణోగ్రత మారేలా అమర్చారు. నురుగు మందు తగ్గించారు, ఎందుకంటే మోతాదు మించితే ఆ మందే నురుగుకు కారణమవుతుంది. కొత్త టవర్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సిమ్యులేషన్‌ది తప్పని అనను. దానికి ఇచ్చిన అమీన్ ఉష్ణోగ్రత డిజైన్ పుస్తకంలోది, అంతే.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి నేను ముందు చెప్పేది ఫ్లో మీటర్ల గురించి. పైపులో రంధ్రమున్న పలకకు అటూ ఇటూ పీడన తేడాను బట్టి ప్రవాహాన్ని కొలిచే ఆరిఫిస్ మీటరు చూపే అంకె గ్యాస్ సాంద్రత మీద ఆధారపడి ఉంటుంది, ఆ సంబంధం వర్గమూలంలో ఉంటుంది. హైడ్రోజన్‌తో నూనెలోని గంధకం వంటివి తీసే హైడ్రోట్రీటర్‌లో, మళ్లీ మళ్లీ తిప్పి వాడే హైడ్రోజన్ మిశ్రమం, అంటే రీసైకిల్ గ్యాస్, అణుభారం 4 అనుకుని మీటరు అమర్చారనుకోండి. కాలక్రమంలో మీథేన్, ఈథేన్ పేరుకుని అది 7కు చేరితే, పీడనం, ఉష్ణోగ్రత మారకపోయినా నార్మల్ ఘనపు మీటర్లలో (ప్రామాణిక పీడన, ఉష్ణోగ్రతల దగ్గరి పరిమాణంలో) నిజంగా వెళ్లేది తెర మీది అంకెలో 76 శాతమే. హైడ్రోజన్ సరిపోతోందని అందరూ నిశ్చింతగా ఉంటారు, అటు ఉత్ప్రేరకం మీద కోక్ త్వరత్వరగా పేరుకుపోతుంది. పైగా గ్యాస్ బరువెక్కిందంటే అందులో హైడ్రోజన్ వాటా కూడా తగ్గినట్టే, అంటే నష్టం రెండు వైపుల నుంచీ. ఈ లెక్కకు కాగితం, పెన్ను చాలు. అయినా పెద్ద పెద్ద అధ్యయనాలు ఈ దిద్దుబాటు లేకుండానే సాగిపోవడం చూశాను. ముడిసరుకు ఎంత వచ్చింది, ఉత్పత్తులు ఎంత పోయాయి అన్న జమాఖర్చు సరిపోలనిదే నేను సిమ్యులేషన్ తెరవను.

బరువైన నూనెను తక్కువ పీడనంలో వేరుచేసే వాక్యూమ్ కాలమ్ అనే టవర్‌లో పీడనాల సర్వే అయితే ఒకే గేజిని పట్టుకుని అంతస్తు అంతస్తుకూ ఎక్కాలి. టవర్ లోపల నింపిన లోహపు పొర (ప్యాకింగ్) మీద తేడా కొద్ది మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే, రెండు వేర్వేరు గేజిల మధ్య ఉండే దోషం అంతకన్నా ఎక్కువ. మోకాళ్లు నొప్పి పుడతాయి, ఫీజులో అదీ కలిసే ఉంటుంది.

పరికరం అబద్ధమాడితే ఎంత దూరం పోతుందో అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీ చూపించింది. 2005 మార్చి 23న అక్కడ ఒక యూనిట్‌ను తిరిగి ప్రారంభిస్తూ, దాదాపు 52 మీటర్ల టవర్‌ను పైదాకా నింపేశారు. మట్టం కొలిచే పరికరం పరిధి అడుగు భాగానికే పరిమితం. ద్రవం వేడెక్కి సాంద్రత తగ్గేకొద్దీ అది మట్టం దిగుతున్నట్టు చూపింది. పొంగిన హైడ్రోకార్బన్లు బయటపడి పేలుడు జరిగింది, 15 మంది మరణించారు, 180 మంది గాయపడ్డారు. టవర్‌లోకి ఎంత పోతోంది, ఎంత బయటికి వస్తోంది అన్న జమాఖర్చు ఆ పూట ఎవరైనా వేసి ఉంటే సంగతి బయటపడేది.

ఇంటి నుంచే, కంప్యూటర్ ముందు కూర్చుని ఈ పని చేయవచ్చా అని కూడా అడిగారు. కొంత చేయవచ్చు. కానీ ఆస్ట్రేలియాలోని లాంగ్‌ఫర్డ్ గ్యాస్ ప్లాంటు ప్రమాదం మీద వేసిన రాయల్ కమిషన్ నివేదిక చదవండి. 1998 సెప్టెంబరు 25న అక్కడ వేడి నూనె ప్రవాహం ఆగిపోయి, ఒక హీట్ ఎక్స్ఛేంజర్ సున్నాకు బాగా దిగువకు చల్లబడి ఉక్కు పెళుసుబారింది. మళ్లీ వేడి నూనె పంపేసరికి పగిలింది. ఇద్దరు మరణించారు, విక్టోరియా రాష్ట్రానికి రెండు వారాలకు పైగా గ్యాస్ సరఫరా దెబ్బతింది. ప్లాంటులో ఉండే ఇంజనీర్లను 1992లోనే మెల్‌బోర్న్‌కు తరలించారు, కమిషన్ ఆ సంగతిని ప్రత్యేకంగా చర్చించింది. నా మటుకు నేను, చూడని ప్లాంటు గురించి గట్టి సిఫారసు రాయను.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఒక్క మాట. మామూలు హైడ్రోకార్బన్లకు పీడనం, ఉష్ణోగ్రత, పరిమాణాల సంబంధాన్ని లెక్కగట్టే 1976 నాటి పెంగ్-రాబిన్సన్ సమీకరణం చక్కగా నప్పుతుంది. దాన్నే తీసుకెళ్లి అమీన్‌కో, హైడ్రోజన్ సల్ఫైడ్, అమ్మోనియా కలిసిన వ్యర్థ జలానికో (సవర్ వాటర్) వాడితే ఫలితం అందంగా వస్తుంది, నిజం కాదు. అక్కడ అయాన్లను లెక్కలోకి తీసుకునే నమూనాలు వాడాలి. ఎవరి నివేదికైనా చేతికొస్తే నేను ముందు తిరగేసేది ఏ నమూనా వాడారో రాసిన పేజీనే.

ఇక సంపాదన. ఈ రంగంలో పని గుంపుగా వస్తుంది, గుంపుగా పోతుంది. పెద్ద షట్‌డౌన్‌కు ముందు, సామర్థ్యం పెంచే ప్రాజెక్టులప్పుడు తీరిక దొరకదు. రిఫైనింగ్ మార్జిన్లు పడిపోతే యాజమాన్యాలు కోత పెట్టేవాటిలో మనం ముందుంటాం. బిల్లులు నెలల తరబడి ఆలస్యమవుతాయి. కాబట్టి ఏడాది ఖర్చులు చేతిలో ఉంచుకోకుండా ఉద్యోగం మానవద్దు. నాకు నిలకడగా తిండి పెట్టింది సమస్యా పరిష్కారం కాదు, హజాప్ సమావేశాలు, అంటే ప్లాంటులో ఎక్కడ ఏ ప్రమాదం జరగవచ్చో వరుసగా పరిశీలించే సమావేశాలు, నడపడం, కొత్త డిజైన్లను యజమాని తరఫున తనిఖీ చేయడం. వాటిలో ఉత్సాహం తక్కువ, రాబడి ఖాయం.

ఆదా అయినదాంట్లో వాటా ఇస్తామంటే ఆశపడకండి. సలహా మనది, అమలు వాళ్లది, లెక్కలూ వాళ్లవే. రోజుకింత అని మాట్లాడుకోండి.

మీరు ఇంకా కాలమ్ స్టార్టప్‌లో రాత్రంతా నిలబడి ఉండకపోతే, ఒక పెద్ద షట్‌డౌన్‌లో కాలమ్ లోపలి ట్రేల (అంతస్తుల్లా ఉండే పలకల) మధ్యకు దిగి చూసి ఉండకపోతే, ఆ రెండూ అయ్యేదాకా ఉద్యోగంలోనే ఉండండి. కన్సల్టెంటుగా వెళ్లాక ఆ అవకాశం అరుదుగా దొరుకుతుంది. మానేముందు ఇప్పటి యాజమాన్యంతో మీరు సంతకం చేసిన గోప్యత ఒప్పందాన్ని న్యాయవాదికి చూపించండి. టెక్నాలజీ హక్కులున్న కంపెనీ (లైసెన్సరు) డిజైన్ పత్రాలు, ఆపరేటింగ్ మాన్యువళ్లు, మీరు కట్టిన సిమ్యులేషన్ ఫైళ్లతో సహా ఏవీ వెంట తీసుకెళ్లవద్దు. మొదటి ఒప్పందంలో పని పరిధిని ఒక పేరాలో స్పష్టంగా రాయించుకోండి, మీ బాధ్యతకు గరిష్ఠ పరిమితి ఫీజు మొత్తాన్ని మించకుండా చూసుకోండి, వృత్తిపరమైన బీమా తీసుకున్నాకే సంతకం పెట్టండి.