రిజిస్ట్రేషన్ అంటే పేర్లు ఎక్కించడం కాదండీ

ప్రశ్న: మా అమ్మాయి బయోమెడికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. రోబో మోకాలి ఆపరేషన్లలో ‘బోన్ రిజిస్ట్రేషన్’ మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. రిజిస్ట్రేషన్ అంటే పేషెంట్ల పేర్లు ఎక్కించడమేగా? 60 వేలు కట్టి ఏఐ సర్టిఫికెట్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. రెండింట్లో ఏది మేలు? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ ఈ ప్రశ్న నాకు వారం వారం వస్తూనే ఉంటుంది. అమ్మాయి తప్పు బ్రాంచిలో పడిందేమోనన్నదే మీ అసలు భయం. పడలేదు.

సీటీ స్కాన్‌లోని ఎముకా, టేబుల్ మీది ఎముకా ఒకటేనని కంప్యూటర్‌కి తెలియదు. సర్జన్ ప్రోబ్‌తో, అంటే చోటును కంప్యూటర్‌కి చెప్పే సన్నటి మొనతో, ఎముక మీద పదుల కొద్దీ చోట్ల తాకితే, ఆ బిందువులను స్కాన్ నమూనాతో కలపడమే రిజిస్ట్రేషన్. తొడ ఎముక 40 సెంటీమీటర్లనుకోండి, మోకాలి దగ్గర ఒక్క డిగ్రీ తేడా తుంటి దగ్గరకెళ్లేసరికి 7 మిల్లీమీటర్లవుతుంది. 1990ల్లో తుంటి మార్పిడి చేసే రోబోడాక్ అనే రోబో కోసం ముందుగానే తొడ ఎముకలో గుర్తులుగా పిన్నులు దించేవారు. లెక్క కుదిరేది, కానీ ఆ పిన్నుల వల్ల కొందరికి మోకాలి నొప్పి మిగిలేది. పిన్నులు వద్దంటే ఎముక పైభాగాన్నే నమ్ముకోవాలి. అందుకు వాడే ఐసీపీ (దగ్గరి బిందువులను జత చేస్తూ పదేపదే సర్దే) పద్ధతిని 1992లో బెస్ల్, మెకే ప్రచురించారు. ఎముక ఎక్కడుందో దానికిచ్చే మొదటి అంచనా పక్కకు పోతే తప్పు చోటే కుదురుకుని కూర్చుంటుంది. పైగా మామూలు సీటీలో మృదులాస్థి సరిగా కనపడదు, ప్రోబ్ మొన దాన్ని దాటి ఎముకను తాకాలి. బిందువులన్నీ ఒకే మూల తీసుకుంటే స్క్రీన్ మీద తేడా చిన్నదిగానే కనిపిస్తుంది, కోయాల్సిన చోట మాత్రం పెద్దదై ఉండొచ్చు.

మీరు పేర్లెక్కించడం అనుకున్న పని ఇదీ!

ఇక ఆ సర్టిఫికెట్ మీద నాకు నమ్మకం లేదు. అలాంటిదే పట్టుకుని వచ్చిన ఒక కుర్రాడిని రొటేషన్ మ్యాట్రిక్స్ (వస్తువు ఎటు, ఎంత తిరిగిందో చెప్పే అంకెల పట్టిక) అంటే ఏమిటని అడిగాను. స్లైడ్‌లో చూశానన్నాడు. ఏఐ చెడ్డదని కాదు. స్కాన్‌లో ఎముకను విడదీసి చూపడానికి ఇప్పుడు అదే వాడుతున్నారు, మీ అమ్మాయికీ కావాలి. లెక్క రాకుండా బటన్ నొక్కడం నేర్పి ఫీజు తీసుకోవడమే నాకు నచ్చనిది. ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. పక్కింటబ్బాయి ప్యాకేజీ పైసలతో సహా మీ ఉత్తరంలో రాశారు. మూడేళ్లలో ఒక్కసారైనా మీ అమ్మాయి పుస్తకం తెరిచి చూశారా?

ఉద్యోగాల సంగతి దాచను. మన దగ్గర రోబో కంపెనీల్లో ఎక్కువ ఖాళీలు అమ్మకాల్లో, సర్వీసులో ఉంటాయి, పరిశోధనలో తక్కువ. అందుకే ఎంటెక్ వైపు చూడమంటాను. 2020 నుంచి గేట్‌లో బయోమెడికల్ పేపర్ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో ఆ విభాగమే ఉంది. ఒకవేళ వైద్యరంగం వదిలేసినా, బిందువులను కుదిర్చే ఈ లెక్కే డ్రైవర్ లేని కార్లలోనూ వాడతారు. చేయి ఖాళీగా ఉండదు.

రెండూ పోల్చి చెప్పమన్నారు గానీ పోలికకు పెద్దగా ఏమీ మిగల్లేదు. మెడికల్ విద్యార్థులు కొనుక్కునే ప్లాస్టిక్ తొడ ఎముక ఒకటి తెచ్చివ్వండి. స్కాన్‌లను చూసి కొలిచే 3డీ స్లైసర్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఏ బిందువు ఎక్కడ తీసుకుంటే తేడా ఎంత పెరుగుతుందో ఈ సెలవుల్లో తనే కొలిచి మీకు చూపిస్తుంది.