పంపు పెంచితే నిజంగా ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుంది? డైనో (ఇంజన్ శక్తిని కొలిచే యంత్రం) లేకుండా తేల్చుకోవడం ఎలా?

మీ ప్రశ్న ఇదీ: కొరాపుట్ జిల్లా జయపురంలో పాత 2518 లారీ ఉంది, ఇంజన్‌కి డీజిల్ కొట్టేది మెకానికల్ పంపు. పంపు పెంచి (డీజిల్ ఎక్కువ పడేలా తిప్పి) పెద్ద ఇంటర్‌కూలర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచేది) వేస్తే 40 హార్స్‌పవర్ పెరుగుతుందని మెకానిక్ అంటున్నాడు. దగ్గర్లో డైనో లేదు, నమ్మాలా వద్దా?

పని చేయించకముందే అడిగారు, అది చాలా మంచిదైంది. ముందు లెక్క లేకపోతే తర్వాతి లెక్కకి విలువ లేదు. మాదీ కొరాపుట్ వైపే. మా తమ్ముడు నడిపే పది చక్రాల బండికి ఇదే పని చేయించాం. డైనో అక్కర్లేకుండా సాలూరు ఘాటీలోనే తేల్చుకున్నాం.

అసలు ఒక హార్స్‌పవర్ అంటే 75 కిలోల బరువుని సెకనుకి ఒక మీటరు చొప్పున పైకెత్తడం. ఘాటీలో మన బండి చేస్తున్న పని అదే కదా. కాబట్టి మూడు తెలిస్తే చాలు: బండి మొత్తం బరువు, ఎక్కిన ఎత్తు, పట్టిన సమయం.

ఉదాహరణకి, లోడుతో కలిపి 25 టన్నులు. సుంకి దారిలో 3 కిలోమీటర్ల ముక్క తీసుకున్నారు, అందులో ఎత్తు 150 మీటర్లు పెరిగింది, 9 నిమిషాలు పట్టింది అనుకుందాం. 25,000ని 150తో గుణించి, 540 సెకన్లతోనూ 75తోనూ భాగించండి. 92 పైచిలుకు వస్తుంది. దీనికి టైర్ల ఈడ్పు కలపాలి. మంచి తారు రోడ్డు మీద టన్నుకి సుమారు 8 కిలోలు వేసుకోవచ్చు. అంటే 200 కిలోల బరువుని 3,000 మీటర్లు లాగినట్టు, మరో 15. మొత్తం 107. ఇది చక్రాల దగ్గర శక్తి. గేర్‌బాక్సు, క్రౌన్ (వెనక ఇరుసులోని పళ్ల చక్రం) తినేది పోగా మిగిలింది. పైగా మలుపుల దగ్గర కాలు తీస్తాం, గేరు మారుస్తాం. అందుకే బండి మీద రాసిన 180 హార్స్‌పవర్‌కీ దీనికీ పొంతన లేదని కంగారు పడొద్దు.

మనకి కావలసింది 107 అనే అంకె కాదు, ముందుకీ తర్వాతకీ మధ్య తేడా శాతం. అదే ముక్క, అదే బరువు అయినప్పుడు చేసిన పని మారదు, సమయం ఒక్కటే మారుతుంది. 180 మీద 40 పెరగడమంటే 22 శాతం. అంటే 9 నిమిషాల ఎక్కుడు 7 నిమిషాల 22 సెకన్లకి దిగాలి. 8 నిమిషాల 15 సెకన్లే వచ్చిందనుకోండి, పెరిగింది 9 శాతం, ఇంజన్ దగ్గర ఓ 16. మెకానిక్ మాటని ఇలా సెకన్లలోకి మార్చి ముందే కాగితం మీద రాసుకోండి.

ఇక అసలు కిటుకు ముక్కని ఎంచుకోవడంలో ఉంది. మూడో గేరులో ఫుల్ యాక్సిలేటర్ తొక్కితే ఇంజన్ గవర్నర్ (ఇంజన్ తిరిగే వేగానికి హద్దు పెట్టేది) దాకా వెళ్లి అక్కడే ఆగిపోయే చోట కొలిస్తే ఏ తేడా కనపడదు. ఎంత పంపు పెంచినా గవర్నర్ దాటి తిరగదు, సమయం అంతే వస్తుంది. ఇంకో తంటా దీనికి తలకిందులు. ఇంతకుముందు మూడులో ఎక్కిన చోట కాస్త లాగుడు పెరిగి నాలుగు నిలబడిందంటే సమయం ఒక్కసారిగా పడిపోతుంది. అయిదు శాతమే పెరిగినా పదిహేను పెరిగినట్టు కనపడుతుంది. మన గేర్ల మధ్య ఎడం అంత ఎక్కువ. "బండి ఇప్పుడు టాప్‌లో ఎక్కేస్తోంది" అని డ్రైవర్లు సంబరపడేది చాలాసార్లు ఇందుకే. కాబట్టి రెండుసార్లూ ఒకే గేరులో, ఫుల్ యాక్సిలేటర్‌లో, ఆర్‌పీఎం గవర్నర్ కంటే బాగా కింద, 1600 నుంచి 2200 మధ్య నలిగే ముక్క కావాలి. హెయిర్‌పిన్ మలుపులు ఉండకూడదు. మొదలయ్యే చోటికి ప్రతిసారీ ఒకే వేగంతో రావాలి. కిలోమీటరు రాళ్లే గుర్తు పెట్టుకోండి, స్పీడోమీటర్ మీద ఆధారపడకండి. క్లీనర్ ఫోనులో జీపీఎస్ పెట్టి రికార్డు చేస్తే చాలు. డ్రైవరు మారకూడదు.

ముక్క చిన్నదైతే ఫోను చూపించే ఎత్తు నమ్మదగ్గది కాదు. కానీ శాతం తేల్చుకోవడానికి ఎత్తు అవసరమే లేదు, రెండుసార్లూ అదే ఎత్తు కాబట్టి.

బరువు మాత్రం కచ్చితంగా ఉండాలి. 25 టన్నుల మీద ఒక టన్ను తేడా అంటే 4 శాతం, అంటే ఏడు హార్స్‌పవర్ ఉత్తినే పెరిగినట్టో తగ్గినట్టో కనపడుతుంది. విశాఖ నుంచి పైకి సిమెంటు తెచ్చేటప్పుడు కొలవడం మేలు, బస్తా 50 కిలోలని తెలుసు. ఎరువు లోడయితే బస్తాల లెక్కతో సరిపెట్టుకోకండి, యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలే వస్తోంది. ఏ లోడయినా సాలూరు వెళ్లేలోపు ఒకే కాటా మీద తూయించి చీటీ దాచుకోండి. ట్యాంకులో 300 లీటర్ల డీజిల్ తేడా కూడా పావు టన్ను.

గాలి సంగతి కూడా చూసుకోవాలి. 40 డిగ్రీల ఎండలో గాలి, 20 డిగ్రీల రాత్రి గాలికంటే 6 శాతానికి పైగా పలచగా ఉంటుంది. పని ముందు మే మధ్యాహ్నం, పని తర్వాత వాన వెలిసిన తెల్లవారుజాము కొలిస్తే ఆ చల్లగాలి ఇచ్చినదంతా మెకానిక్ ఖాతాలోకి పోతుంది. ఒకే వేళలో కొలవండి. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి విశాఖ కంటే పదో వంతు దాకా తక్కువ. పెంచిన పంపు కింద శుభ్రంగా మండి పైన నల్లపొగ కక్కుతుందంటే కారణం అదే, అక్కడ డీజిల్‌కి సరిపడా గాలి లేదు. ఆ పొగ అంతా మీరు డబ్బు పెట్టి కొన్న డీజిలే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, టర్బో హోస్ పైపుల క్లాంపులు, ట్యాపెట్లు, నాజిళ్లు, పట్టేస్తున్న బ్రేకులు అన్నీ ముందే సరిచేయించి, ఆ తర్వాత మొదటి కొలత తీయండి. మా బండి విషయంలో ఇదే పెద్ద తేడా చూపించింది. ఫిల్టర్లు మార్చి, చిరిగిన హోసు తీసేసి కొలిచేసరికే సమయం బాగా తగ్గింది. పంపు పని తర్వాత తగ్గింది దాదాపు అంతే, మెకానిక్ చెప్పినదాంట్లో సగం కూడా లేదు. రెండూ ఒకేసారి చేయించి ఉంటే మొత్తం పంపుకే రాసేవాళ్లం. గ్యారేజీల్లో ఎవరూ కావాలని మోసం చేయకపోయినా అంకెలు ఉబ్బిపోయేది ఇక్కడే అని నా అభిప్రాయం.

పంపు షాపులోనూ ఒక కాగితం అడిగి తీసుకోండి. పంపుని టెస్ట్ బెంచ్ మీద ఎక్కించినప్పుడు వెయ్యి స్ట్రోకులకి ఒక్కో సిలిండర్‌కి ఎన్ని సీసీల డీజిల్ పడుతుందో చూస్తారు. పనికి ముందూ తర్వాతా ఒకే ఆర్‌పీఎం దగ్గర ఆ రీడింగులు రాయించండి. డీజిల్ 10 శాతం పెంచి శక్తి 22 శాతం పెరిగిందంటే నమ్మక్కర్లేదు. లీటరు డీజిల్‌లో ఉండేది సుమారు 10 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) శక్తి, మంచి ఇంజన్ అందులో 40 శాతం పనిగా మార్చగలిగితే గొప్ప. ఆ లెక్కన 40 హార్స్‌పవర్ అదనంగా గంటసేపు (సుమారు 29 యూనిట్లు) రావాలంటే ఏడు లీటర్లకి పైగా అదనంగా కాలాలి. పికప్పూ పెరుగుతుంది, ఫుల్ లోడు ఎక్కుడులో మైలేజీ కూడా పెరుగుతుంది అని ఎవరైనా అంటే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

టర్బోకి ముందు పైపులో పొగ వేడి చూపే మీటరు కూడా బిగించుకోండి. ఘాటీ ఎక్కుడులో అది 700 డిగ్రీలు దాటి నిలబడితే పిస్టన్‌కీ టర్బోకీ ముప్పు. అలాంటప్పుడు పంపు తగ్గించండి, హార్స్‌పవర్ ఎంత వచ్చినా సరే.

చట్టం విషయం కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణ తర్వాత యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. పంపుని కంపెనీ చెప్పిన సెట్టింగుకి తేవడం వేరు, దాన్ని దాటించడం వేరు. మీ బండి పంపు ఇప్పుడు ఆ సెట్టింగు దగ్గరే ఉందో, అరిగి కిందికి పడిపోయిందో ముందు బెంచ్ మీద చూపించండి. పడిపోయి ఉంటే అక్కడిదాకా తెస్తేనే మీ లాగుడు సమస్య తీరిపోవచ్చు.

మీరు ఎంచుకున్న ముక్క, గేరు, కాటా బరువు, రెండు సమయాలు కింద రాయండి, లెక్క వేసి చెబుతాను.